కొత్తకోడలి ఊపిరి

సెగెద్ ఊళ్లో ఎగువపేట మీది ఆకాశం ఇప్పుడు ఖాళీగా ఉంటుంది. రోజాల్ పెళ్లికి ముందు రోజుల్లో అలా ఉండేది కాదు. ఆదివారం పూజ ముగిసి జనం చర్చిలోంచి బయటికి రాగానే మగవాళ్లందరూ ముందు తలెత్తి పైకి చూసేవాళ్లు. పక్కవాణ్ణి పలకరించడం ఆ తర్వాతే. ఎవరి గుంపు ఎంత ఎత్తున తిరుగుతోంది, ఎవరి పావురం రెక్క దించకుండా ఇంకా పైనే ఉంది, అన్నదే మాట. గుంపు సుడి తిరుగుతూ తిరుగుతూ మిరియాల గింజలంత అయిపోయేది. మెడలు నొప్పెట్టేదాకా చూసి, మధ్యాహ్నం భోజనం చల్లారిపోయాక ఇళ్లకు చేరేవాళ్లు. ఆడవాళ్ల తిట్లు కూడా ఆ ఆదివారాల్లో ఒక భాగమే. రోజాల్‌కి ఈ వయసులో ఆ తిట్లు కూడా తియ్యగానే గుర్తుకొస్తాయి.

ఆమె తండ్రి ఇల్లేష్ ముఖమలు చెప్పులు కుట్టేవాడు. పని చెప్పులది, ప్రాణం పావురాలది. పావురాన్ని కంటితో కాదు, చేత్తో చూడాలి అని కూతురికి చిన్నప్పుడే నేర్పాడు. అరచేతిలో బోర్లా పట్టుకుని వేళ్లతో రొమ్ము తడమాలి. ఎముక పడవ అడుగులా సన్నగా తగిలితే అది ఎగిరే పిట్ట, ఉంచుకో. కండ నిండి మెత్తగా తగిలితే అది నేలమీది పిట్ట, సంతకి పంపు. ఎగరేసే ముందు వారమంతా బార్లీ గింజలు తప్ప ఇంకేం పెట్టేవాడు కాదు, అవి కూడా కడుపు నిండా కాదు.

“నీకు కట్టుకున్న పెళ్లాం లావెక్కితే సంతోషం, పావురం లావెక్కితే ఏడుపు,” అనేది భార్య అన్నుష్.

“నిన్ను ఎగరేస్తానా ఏంటే,” అనేవాడు ఇల్లేష్.

అన్నుష్‌కి ఆ గుంపులో ఒక్క పావురమే ఇష్టం. బూడిదరంగు ఆడపిట్ట. పిల్లగా ఉన్నప్పుడు తల్లి వదిలేస్తే, గోధుమలు తన నోట్లో నానబెట్టి దాని నోట్లో పెట్టి పెంచింది. నడకలో సిగ్గు ఉందని ‘కొత్తకోడలు’ అని పేరు పెట్టింది. బూడిదరంగువి గుంపులో ఇంకా చాలా ఉండేవి కాబట్టి, దాన్ని గుర్తుపట్టడం అన్నుష్‌కీ ఇల్లేష్‌కీ తప్ప ఎవరికీ వచ్చేది కాదు.

ఒక శీతకాలం మొదట్లో అన్నుష్ పోయింది. మంచు కరిగి తీసా నది ఒడ్లదాకా పొంగి మళ్లీ తగ్గింది. ఇల్లేష్ మాత్రం తగ్గుతూనే ఉన్నాడు. అటక మీదున్న గూటికి నిచ్చెన ఎక్కడం మానేశాడు. కిటికీ పక్కన తన బల్ల ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కించి, కుట్టకుండా పట్టుకుని ఉండేవాడు. రోజాల్ సూపు పెడితే సూపు మీద మీగడ కట్టేది. కూర పెడితే కూర చల్లారేది. మధ్యాహ్నానికి పళ్లెంలో ఒక్క రొట్టె మాత్రం ఉండేది కాదు. రొట్టె అయినా తింటున్నాడు కదా అని రోజాల్ దేవుడికి దణ్ణం పెట్టుకునేది. వైద్యుడు వచ్చి గుండె విన్నాడు, నాలుక చూశాడు, కళ్లు చూశాడు.

“జబ్బేమీ లేదమ్మా. తినడం లేదు, అంతే. ఇలాగే ఉంటే గోధుమ కోతలు చూడడు,” అన్నాడు వాకిట్లోకి వచ్చాక.

ఆ మాట విన్నప్పటినుంచి రోజాల్‌కి ఉన్న కోరిక ఒక్కటే. నాన్న తినాలి. పొయ్యి దగ్గరా అదే ప్రార్థన, జపమాల తిప్పేటప్పుడూ అదే. ‘మా అనుదిన ఆహారము నేడు మాకు దయచేయుము’ అని పుట్టినప్పటినుంచీ చెబుతూనే ఉంది గానీ, దయచేసిన ఆహారం మనిషి లోపలికి వెళ్లాక ఏమవుతుందో, అది లేకపోతే మనిషి ఎందుకు ఇలా కరిగిపోతాడో ఆమె అంతవరకు ఆలోచించలేదు.

పావురాల పని ఆమె మీద పడింది. ఎగరేసేవాళ్లు లేరు, పిల్లలు పుట్టుకొస్తున్నాయి. అప్పుడే విశ్వవిద్యాలయం నుంచి అంబ్రుష్ రావడం మొదలుపెట్టాడు. పొడుగ్గా, మోచేతులు చిరిగిన కోటుతో, తూర్పువైపు నుంచి వచ్చిన కాల్వినిస్టు కుర్రాడు, వీళ్లలా కాథలిక్కు కాదు. ప్రయోగశాలకు వారం వారం రెండు పావురాలు కావాలన్నాడు. ఎగరనివి ఇచ్చెయ్యి అని ఇల్లేష్ తలతిప్పకుండానే చెప్పాడు.

“ఎందుకండీ మీకు పావురాలే? కోళ్లు లేవా ఊళ్లో?” అని అడిగింది రోజాల్ మొదటిసారి బుట్ట అందిస్తూ.

“కోడి ఏం పని చేస్తుంది? చెత్త కెలుకుతుంది. పావురం రొమ్ముకండ పొద్దుటినుంచి సాయంత్రం దాకా గాల్లో మోస్తుంది. అంత కష్టపడే కండ ఇంకే జీవికీ లేదు. తిన్న తిండి లోపల మండి బలంగా ఎలా మారుతుందో చూడాలంటే, బాగా మండే పొయ్యి దగ్గరే కదా కూర్చోవాలి?”

“మండితే పొగ రావాలి కదా?”

“వస్తోంది. నీ ముక్కులోంచి.”

“నాకు రాదు. మీ కాల్వినిస్టులకి వస్తుందేమో.”

పక్కింటి గెర్గెయ్ కంచె మీద మోచేతులు ఆనించి ఇదంతా వింటున్నాడు. అతనూ పావురాలవాడే. ఇరవై ఏళ్లుగా ఇల్లేష్‌తో పందెం, ఇరవై ఏళ్లుగా స్నేహం.

“ఒరే ఇల్లేష్, వింటున్నావా,” అని కిటికీవైపు కేకేశాడు. “నీ పావురాలు బాతులైపోయాయిరా. మొన్న ఒకటి మా పెరట్లోకి నడుచుకుంటూ వచ్చింది. తలుపు తీసి కూర్చోమన్నాను.”

వెనకటి రోజుల్లో అయితే ఈ మాటకి ఒక చెప్పు గాల్లో ఎగిరి వచ్చేది. గెర్గెయ్ కాసేపు ఎదురుచూసి, టోపీ సర్దుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఈస్టరు వెళ్లాక ఒక శుక్రవారం, తెల్లవారుతుండగా రోజాల్ అటక ఎక్కింది. గూట్లో ఇంకా మసక చీకటి. కళ్లతో పనేముంది, తండ్రి నేర్పిన చెయ్యి ఉంది కదా. ఒక్కొక్కదాన్నీ బోర్లా పట్టుకుని రొమ్ము తడుముతూ వచ్చింది. బార్లీ అన్నిటికీ సమానమే కాబట్టి అన్నీ ఒకలాగే తగులుతున్నాయి. ఒకటి మాత్రం వేళ్లకి నిండుగా తగిలింది. ఎముక జాడే తెలియనంత కండ. ఇంత బరువు ఎక్కడ తెచ్చుకుందో అనుకుంటూ బుట్టలో వేసింది. దానికి తోడుగా ముసలిదైన మగపిట్ట ఒకదాన్ని వేసి మూత కట్టింది. అంబ్రుష్ వచ్చి బుట్ట తీసుకుని సైకిలు ఎక్కాడు.

ఆమె చిక్కుడుగింజల సూపు పొయ్యి మీద పెట్టింది. శుక్రవారం కాబట్టి మాంసం లేదు, కాథలిక్కుల ఇళ్లలో ఆ రోజు ముట్టరు. గింజలు సగం ఉడికాయో లేదో, లోపలినుంచి తండ్రి గొంతు వినిపించింది.

“అమ్మాయ్, కొత్తకోడలేది?”

అతను తనంతట తాను మాట్లాడి ఎన్నాళ్లయిందో. గరిట చేత్తోనే పరుగెత్తింది.

“గూట్లోనే ఉంటుంది నాన్నా. ఎందుకు?”

“ఇవాళ రాలేదు.”

“ఎక్కడికి?”

ఇల్లేష్ కిటికీ చూపించాడు. కిటికీ తలుపు తెరిచి ఉంది. బయటి గట్టు మీద రొట్టె పొడి చల్లి ఉంది. పళ్లెంలో రొట్టె లేదు. అతని ఒళ్లో మిగతా సగం ఉంది, అది కూడా పిట్ట ముక్కుకి సరిపోయేంత చిన్న చిన్న తునకలుగా తుంచి ఉంది.

రోజాల్‌కి ముందు ఆ రొట్టె సంగతి అర్థమైంది. చలికాలమంతా తను పెట్టిన రొట్టె ఎవరు తిన్నారో, దేవుడికి దేనికోసం దణ్ణాలు పెట్టిందో తెలిసింది. ఆ వెంటనే తన వేళ్లకి నిండుగా తగిలిన ఆ రొమ్ము గుర్తొచ్చింది. గరిట కింద పడింది.

“నాన్నా, చేత్తో చూశాను,” అంది. “నువ్వు చెప్పినట్టే చేత్తో చూశాను. బరువుగా ఉంది. బుట్టలో వేశాను.”

ఇల్లేష్ లేచాడు. బల్ల పట్టుకుని, తలుపు పట్టుకుని, గేటు పట్టుకుని వీధిలోకి నడిచాడు. కాళ్లకి ఇంట్లో తొడిగే ముఖమలు చెప్పులే ఉన్నాయి. రోజాల్ కోటు తీసుకుని వెంటపడింది.

“ఎక్కడికిరా, చెప్పులమ్మడానికా?” అన్నాడు గెర్గెయ్ కంచె అవతలినుంచి. ఇల్లేష్ ముఖం చూసి, “ఏమైందమ్మా?” అన్నాడు గొంతు మార్చి. ఇద్దరూ అప్పటికే మలుపు తిరిగారు.

ఎగువపేట నుంచి ప్రయోగశాల ఉన్న కూడలి వరకు మామూలు మనిషికి పెద్ద దూరం కాదు. ఇల్లేష్‌కి నెలల తరబడి బల్లకీ మంచానికీ మధ్య తప్ప నడకే లేదు. సగం దూరం కోపంతో నడిచాడు, మిగతా సగం కూతురి భుజం మీద. ప్రయోగశాల మెట్లు సగం ఎక్కేసరికి మోకాళ్లు వణికి, కమ్మీ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. పెదాలు తెల్లబడ్డాయి. రోజాల్ కేక విని అంబ్రుష్ పైనుంచి తెల్లకోటుతో దిగి వచ్చాడు. మనిషిని ఒక్కసారి చూసి, మళ్లీ పైకి పరుగెత్తి, గాజు గ్లాసులో నీళ్లు తెచ్చాడు.

“తాగండి బాబాయ్. చక్కెర కలిపాను. మెల్లగా.”

ఇల్లేష్ తాగాడు. కాసేపటికి వణుకు తగ్గింది. ముఖంలోకి రంగు రావడం రోజాల్ కళ్లారా చూసింది. గ్లాసెడు తియ్యటి నీళ్లు ఇంత పని చేస్తాయా అనిపించింది ఆమెకి.

“బూడిదరంగుది ఏది?” అన్నాడు ఇల్లేష్.

అంబ్రుష్ ఒకసారి తండ్రినీ, ఒకసారి కూతుర్నీ చూశాడు. ఏదో పొరపాటు జరిగిందని అర్థమైంది అతనికి. అబద్ధం చెప్పలేదు.

“పొద్దున్నే చంపేశాను బాబాయ్. నొప్పి తెలియకుండా చేస్తాం. కానీ... రండి. చూడాలనుంటే చూడండి.”

గదిలో గోరువెచ్చని నీళ్ల తొట్టి ఉంది. అందులో చిన్న గాజు బుడ్లు వరసగా మునిగి, ఉయ్యాలలో పిల్లల్లా అటూ ఇటూ ఊగుతున్నాయి. ప్రతి బుడ్డికీ వంకర తిరిగిన సన్నటి గొట్టం ఉంది, గొట్టంలో ఎర్రనీళ్లు ఉన్నాయి. కొసన ఉన్న బుడ్డి దగ్గర ఎర్రనీళ్లు చీమ నడిచినట్టు పైకి పాకుతున్నాయి.

“ఇందులో ఉంది దాని రొమ్ముకండ. సన్నగా తరిగి వేశాను,” అన్నాడు అంబ్రుష్. “బుడ్డిలో ఉన్న గాలిని అది పీల్చుకుంటోంది. పీల్చినకొద్దీ ఎర్రనీళ్లు పైకి వస్తాయి.”

“పీల్చుకుంటోందా?” అన్నాడు ఇల్లేష్. “చచ్చిందన్నావు?”

“పిట్ట పోయింది బాబాయ్. కండకి ఆ కబురు ఇంకా అందలేదు. దాని దగ్గర దాచుకున్న తిండి ఉన్నంతసేపు, గాలి తీసుకుంటూ దాన్ని మండించుకుంటూనే ఉంటుంది.”

ఇల్లేష్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. చావింట్లో కూర్చున్నట్టే కూర్చున్నాడు. రోజాల్ అతని వెనక నిలబడి శిలువ గుర్తు వేసుకుంది. వేసుకోవచ్చో కూడదో ఆమెకి తెలియదు. ప్రాణం ఎక్కడినుంచి ఎక్కడిదాకా అన్నది ఫాదరు గారు చెప్పినంత తేలిగ్గా లేదని మాత్రం ఆ ఎర్రనీళ్లను చూస్తుంటే అనిపించింది.

కాసేపటికి ఎర్రనీళ్లు నెమ్మదించాయి. అంబ్రుష్ బుడ్డి పక్కనున్న చిన్న అరలోంచి ఒక చుక్క లోపలికి వొంపాడు. నీళ్లు మళ్లీ కదిలి పైకి పాకాయి.

“ఏం పోశావు?”

“యాపిల్ పండులో పులుపు ఉంటుంది చూడండి, అలాంటిదే. చుక్కే.”

“అది తిని బతుకుతోందా?”

“కాదు బాబాయ్, అదే వింత. పోసిన పులుపు అయిపోదు. మన తీసా మీద బల్లకట్టు ఉంది కదా, జనాన్ని అవతల దించి తను మళ్లీ ఇవతలికే వస్తుంది. ఇదీ అంతే. తిండిలోని సారాన్ని గాలి దగ్గరికి చేర్చి, మళ్లీ ఇంకో మోపు కోసం వెనక్కి వస్తుంది. బల్లకట్టు తిరుగుతున్నంతసేపు బతుకు. అవతలికి మోయడానికి ఏమీ లేనప్పుడు, ఎన్ని బల్లకట్లున్నా దండగే.”

ఎర్రనీళ్లు మళ్లీ ఆగబోయాయి. “ఇంకో చుక్క వెయ్యి,” అన్నాడు ఇల్లేష్. అంబ్రుష్ వేశాడు. కొంచెం కదిలి ఆగాయి. “ఇంకోటి,” అన్నాడు. వేశాడు. ఈసారి కదల్లేదు.

ముగ్గురూ ఊగుతున్న బుడ్డిని చూస్తూ ఉండిపోయారు.

“ఇంతసేపు ఊపిరి తీసిన కండని ఇదివరకు నేను చూళ్లేదు,” అన్నాడు అంబ్రుష్ మెల్లగా. “దీనికేం పెట్టేవారు బాబాయ్? బార్లీ కాదు.”

“నా రొట్టె,” అన్నాడు ఇల్లేష్.

రోజాల్ తల దించుకుంది.

“అది నా రొట్టే,” అన్నాడు మళ్లీ, గాజుబుడ్డి వైపే చూస్తూ. “అమ్మాయి నాకు పెట్టేది, నేను కొత్తకోడలికి పెట్టేవాణ్ణి. మా ఆవిడ పెట్టేది కదా, మానితే బాగుండదని. ఇప్పటిదాకా అక్కడ మండింది అదన్నమాట.” తన రొమ్ము మీద వేలు పెట్టుకుని అడిగాడు. “నాలోపల కూడా ఇదేనా?”

“ఇదే. మనిషి ఒళ్లంతా కంటికి కనపడని చిన్న చిన్న గదులు. ప్రతి గదిలోనూ ఒక పొయ్యి. ప్రతి పొయ్యికీ ఇదే బల్లకట్టు.”

“నేను తినడం లేదుగా. మరి ఏం మండుతోంది?”

అంబ్రుష్ వంగి, ముఖమలు చెప్పుల పైన వదులుగా వేలాడుతున్న ఇల్లేష్ పిక్కల్ని చూపించాడు.

“కట్టెలు లేకపోతే పొయ్యి ఊరుకోదు బాబాయ్. ఇంటి దూలాలు పీకి కాల్చుకుంటుంది. ఇందాక మెట్ల మీద మీరు పడ్డారే, అప్పటికే సగం దూలాలు అయిపోయాయి.”

ఇల్లేష్ తన కాళ్లవైపు చూసుకున్నాడు, అవి వేరెవరివో అన్నట్టు. తర్వాత పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ముఖం ముడిచాడు.

“ఏం కలిపావురా ఆ నీళ్లలో? లోపల ఏదో కొరుకుతోంది.”

“ఆకలి బాబాయ్.”

“దీన్నేనా ఆకలనేది? మర్చిపోయాను.”

అంబ్రుష్ గబగబా బల్ల సొరుగులోంచి తన మధ్యాహ్నం భోజనం తీశాడు. కాగితం విప్పితే మందంగా కోసిన రొట్టె, ఒక ఉల్లిపాయ, మిరపపొడి అద్ది పొగబెట్టిన పందికొవ్వు, తొక్కతోనే, చేరెడు ముక్క. గది నిండా ఘుమఘుమలాడింది. ఇల్లేష్ చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్లి, కొవ్వుముక్క మీద ఆగింది.

అరవయ్యేళ్ల బతుకులో శుక్రవారం మాంసం ముట్టిన మనిషి కాదు. యుద్ధంలో కందకంలో ఉన్నప్పుడు కూడా శుక్రవారం తన వాటా పక్కవాడికి ఇచ్చేశానని గర్వంగా చెప్పుకునేవాడు.

“ఇవాళ ఏం వారం?” అన్నాడు.

“శుక్ర...” అనబోయాడు అంబ్రుష్, శుక్రవారం నియమం తెలియని కాల్వినిస్టు.

“గురువారం నాన్నా,” అంది రోజాల్.

పొద్దున్న పొయ్యి మీది శుక్రవారపు చిక్కుడుగింజల సూపు వాసన ఇల్లంతా ఉంది, అది అతని ముక్కుకి తగలకుండా ఉంటుందా? ఇల్లేష్ తలెత్తి కూతురి ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. చిన్నప్పుడు గూట్లో పిట్ట రొమ్ము తడిమి, ఎగురుతుందా లేదా చెప్పు చూద్దాం అని అడిగి, జవాబు కోసం ఎదురుచూసిన చూపే అది.

“గురువారమే,” అన్నాడు. “నేనూ అదే అనుకుంటున్నాను.”

జేబులోంచి చాకు తీశాడు. కొవ్వు సన్నగా కోసి, రొట్టె మీద పెట్టి, ఉల్లిపాయ ముక్కతో నోట్లో పెట్టుకున్నాడు. నమలడానికి దవడలు మొరాయించాయి. నమిలాడు. మింగాడు. మళ్లీ కోశాడు. అంబ్రుష్ గోడవైపు తిరిగి ఏవో గాజుసామాన్లు సర్దుతున్నట్టు నటించాడు. రోజాల్ కిటికీ దగ్గర నిలబడి, ఆ చాకు చప్పుడు వింటూ, తనకి నరకమే రాసిపెట్టి ఉంటే దానికి ఈ వాసన ఉంటే చాలనుకుంది.

ఆ వేసవిలో ఇల్లేష్ గోధుమ కోతలు చూశాడు, ఆ తర్వాత చాలా కోతలు చూశాడు. కాళ్లలో బలం వచ్చాక అటక ఎక్కి గుంపుని మళ్లీ బార్లీ మీద పెట్టాడు. గెర్గెయ్ వాటిని బాతులన్నప్పుడల్లా ఒక చెప్పు కంచె దాటి వెళ్లేది. అవన్నీ తర్వాతి సంగతులు. ఇప్పుడు శుక్రవారం ఎవరేం తిన్నా అడిగేవాళ్లే లేరు. మనవలు అడుగుతారు, అంత చిన్న విషయానికి భయమెందుకు నాన్నమ్మా అని. చిన్న విషయం కాదనీ ఆమె చెప్పలేదు, పెద్ద తప్పనీ ఒప్పుకోలేదు. దేవుడే ఆకలిని పెట్టాడు, దేవుడే శుక్రవారాన్నీ పెట్టాడు. రెండూ ఒకే మనిషి మీద ఒకేసారి పడితే ఏది ముందు అన్నది ఆమెకి ఇప్పటికీ తేలని ప్రశ్నే.

అబద్ధమాడిన మర్నాడు, శనివారం సాయంత్రం మాత్రం, చేసిన పాపం ఫాదరు ముందు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లి మోకరించింది. చెక్క జాలీ అవతల ఫాదరు గారికి ఉన్నదున్నట్టు చెప్పింది. శుక్రవారాన్ని గురువారమని అబద్ధమాడాననీ, నాన్న చేత పందికొవ్వు తినిపించాననీ, ఎంత ప్రయత్నించినా పశ్చాత్తాపం రావడం లేదనీ చెప్పింది.

ఫాదరు గారిది ఎగువపేటే. వాళ్ల నాన్నకీ పావురాలుండేవి. ఇల్లేష్ సంగతి పేటంతటికీ తెలుసు.

“అబద్ధానికి జపమాల ఒకసారి చెప్పుకో,” అన్నారు. “జబ్బుమనిషికి తిండి విషయంలో శ్రీసభ మినహాయింపు ఇచ్చింది. కొవ్వుకి ప్రాయశ్చిత్తం ఏమీ లేదు.”

ఆమె లేవబోతుంటే జాలీ అవతల కుర్చీ కిర్రుమంది.

“అమ్మాయ్. మొత్తం తిన్నాడా?”

“తొక్కతో సహా, ఫాదర్,” అంది రోజాల్.